వెయ్యి అంటే మనిషిని పంపు

నవంబర్ మొదటి వారం. మధ్యాహ్నం 14.20కి కాన్వాయ్ ఆగింది. లారీ వెనక నుంచి దూకాను. కాళ్లు తిమ్మిరెక్కి ఉన్నాయి, మోకాళ్ల మీద పడ్డాను. పదకొండు వేల రెండు వందల అడుగుల ఎత్తు. ఎండ ఉంది, వేడి లేదు. ఎదురుగా ఏడు రేకుల షెడ్లు. వాటి వెనక కొండ, ఆ కొండ వెనక ఇంకో కొండ. స్థలం పేరు అడగొద్దు. చెప్పనని సంతకం పెట్టి వచ్చినవాణ్ని, ఇప్పటికీ చెప్పను.

నా సామాను ఒక నల్ల ట్రంకు పెట్టె, పరుపు చుట్ట, నాలుగు జతల ఉన్ని మేజోళ్లు, మా అవ్వ కట్టిచ్చిన కారప్పొడి డబ్బా. అమ్మను అవ్వ అనే ఇల్లు మాది. నిజామాబాద్ టౌన్‌లో బీడీలు చుట్టి ముగ్గురు పిల్లల్ని పెంచింది.

సుబేదార్ సాబ్ షెడ్డు గుమ్మంలో నిలబడి ఉన్నాడు. పొట్టి మనిషి, గఢ్వాల్ కొండలవాడు. మాటలన్నీ హిందీలోనే నడిచేవి, మీ కోసం తెలుగులో చెప్తున్నాను.

“కంప్యూటర్ హవల్దార్ నువ్వేనా?”

“అవును సాబ్.”

“మూడు రోజులు పరిగెత్తకు. మెట్లు ఎక్కకు. ఊపిరి అందదు.”

ఆ సాయంత్రమే రెండుసార్లు మెట్లు ఎక్కాను. రెండుసార్లూ కక్కుకున్నాను. కుదురుగా కూర్చోమంటే నాకు చిన్నప్పటి నుంచీ ఒళ్లు మండుతుంది. అట్లాంటివాడికి సర్కారు ఇచ్చిన పని ఏమిటో తెలుసా? కుర్చీలో కూర్చుని తెర వైపు చూడటం. పద్దెనిమిది నెలలు.

మన దగ్గర అందరూ ఒకటే అడుగుతారు. చాయ్ హోటల్లో అడిగారు, పెళ్లిళ్లలో అడిగారు, మా బావ అయితే వచ్చినప్పుడల్లా అడుగుతాడు. “ఎంతమందిని కాల్చినవ్ బామ్మర్దీ?” ఒక్కణ్ని కూడా కాల్చలేదు. ఆ టూర్‌లో నా తుపాకీ నుంచి ఒక్క తూటా బయటికి పోలేదు. నేను చేసింది వేరే. అది చెప్పడానికే ఇది రాస్తున్నాను.

రెండువేల సంవత్సరం దాటిన కొత్త రోజులు. కొండల మీది పోస్టులన్నిటినీ కంప్యూటర్లతో కలుపుతున్నారు. కొన్నిచోట్ల తీగ, కొన్నిచోట్ల గొడుగులాంటి డిష్‌లు. కంప్యూటర్ పంపేదంతా చిన్న చిన్న ప్యాకెట్లుగా పోతుంది. ప్రతి ప్యాకెట్ మీదా ఎవరి నుంచి, ఎవరికి, ఎంత సైజు అని రాసి ఉంటుంది. ఆ రాతను పట్టి చూపే ప్రోగ్రామును స్నిఫర్ అంటారు. లోపలి మాట చదవడం నా పని కాదు. పైన కవరు చూడటం నా పని.

నా గదిలో రెండు తెరలు. ఒకదాని మీద గ్రాఫ్. ప్రతి లింకుకూ ఒక పచ్చ గీత, అయిదు నిమిషాలకోసారి కొంచెం ముందుకు జరుగుతుంది. గీత నడుస్తుంటే లింకు బతికి ఉంది. పడిపోతే చచ్చింది. రెండో తెర మీద స్నిఫర్. ప్యాకెట్లు వరసలు వరసలుగా పైకి పోతూనే ఉంటాయి. మొదటి వారం కళ్ల నుంచి నీళ్లు కారాయి. తర్వాత అలవాటైంది. రోజూ 20.00కి ఒక లిస్టు అచ్చు తీసి కెప్టెన్ సాబ్ బల్ల మీద పెట్టాలి. ఏ పోస్టు ఎవరితో మాట్లాడింది, ఎప్పుడు, ఎంత. లెక్కలో లేని రాకపోకలేవైనా ఉంటే గీత గీయాలి. ఆర్డర్ అదే.

మాకు పైన, పదమూడు వేల నాలుగు వందల అడుగుల దగ్గర, ఒక రిలే పోస్టు ఉండేది. రాతి గోడల గది ఒకటి, డిష్ ఒకటి, బ్యాటరీలు, ఒక రౌటర్. రౌటర్ అంటే ప్యాకెట్లకు దారి చూపే డబ్బా. కింది నుంచి అక్కడికి నడక మూడు గంటలు. అందులో ఇద్దరే మనుషులు, ఆపరేటర్, లైన్‌మన్. ఆపరేటర్ మరాఠీ మనిషి. మద్నూర్ దాటితే వచ్చే దెగ్లూర్ వైపు ఊరు. చిన్నప్పుడు వాళ్ల నాయనతో బోధన్ అంగడికి వచ్చేవాడట. లైన్‌మన్‌ది రుద్రూర్ పక్కన ఒక క్యాంపు, అంటే వలస రైతుల ఊరు. తాతల కాలంలో కోస్తా నుంచి వచ్చి కాలువ కింద భూములు కొని చెరకు వేసిన కుటుంబం. ఇరవై మూడేళ్లవాడు. దేశం కొసన మా ముగ్గురివీ చుట్టుపక్కల ఊళ్లని తెలిసిన రోజు ఫీల్డ్ టెలిఫోన్‌లో పెద్ద గోల.

“అన్నా, మనది బోధనేనా? అబ్బ, ఎంత హాయిగా ఉందో!”

“మనది అంటవేంది రా? గీ భాషేంది? మూడు తరాలైంది వచ్చి, ఇంక అబ్బలు ఆయ్‌లు పోలే.”

“మీరు నేర్పితేగా అన్నా. మీరేమో గిట్ల గట్ల అంటారు, మా అమ్మ నవ్వుతుంది.”

అట్లా మొదలైంది. కానీ టెలిఫోన్ రోజుకు పది నిమిషాలే, అదీ డ్యూటీ మాటలకు. పైన వాడికి పొద్దు పోయేది కాదు. రౌటర్‌కు వాళ్లిద్దరికీ ఒక టెస్ట్ లాగిన్ ఇచ్చారు. దానితో చేయగలిగింది ఒక్కటే, పింగ్. అవతలి కంప్యూటర్ బతికి ఉందా అని అయిదు ప్యాకెట్లు పంపడం. బతికి ఉంటే తిరిగి వస్తాయి. వచ్చిన ప్రతిదానికీ తెర మీద ఒక ఆశ్చర్యార్థకం పడుతుంది. రాకపోతే చుక్క పడుతుంది. ప్యాకెట్ సైజు మనమే ఇచ్చుకోవచ్చు.

ఈ సైజు సంగతి చెప్పింది నేనే. దాన్ని భాషగా మార్చింది కూడా నేనే.

బీడీ కట్టలో ఇరవై అయిదు ఉంటాయి. మా ఇంట్లో పిల్లలు ఒకటి రెండు నేర్వకముందే ఇరవై అయిదు నేర్చుకుంటారు. చాట ముందు కూర్చుని, తునికాకు కత్తిరించి, చుట్టి, దారం కట్టి, కట్టలు పేర్చి, వెయ్యి అయితే అవ్వ నడుము నిటారుగా చేసేది. వెయ్యి అయ్యేదాకా లేచేది కాదు. అందుకే నాకు తోచిన లెక్క అదే. రెండు కట్టలు, అంటే యాభై సైజు పింగ్ వస్తే ‘మంచిగున్నం’. మూడు కట్టలు, డెబ్బై అయిదు, ‘ఉత్తరాలొచ్చినయా?’ నాలుగు కట్టలు, ‘కిరోసిన్ అయిపోవచ్చింది’.

“మరి ఏదైనా అయితే అన్నా? కొంపలు మునిగితే?”

“వెయ్యి కొట్టు. వెయ్యి అంటే మనిషిని పంపు అని.”

“వెయ్యి బీడీలు! ఆయ్, అలాగే.”

“మరాఠాకు గూడ చెప్పు.”

వెనక నుంచి ఆపరేటర్ గొంతు వినిపించింది. “కళలా, కళలా.” అర్థమైందని.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. ఇది చెప్పడానికి నోరు రాదు, అయినా చెప్తాను. వాడు ఒకరోజు అడిగాడు. “అన్నా, నేను పింగ్ కొడితే ఆశ్చర్యార్థకాలు పడతాయి కదా. అవి నువ్వు నొక్కుతావా?” కాదు. నా కంప్యూటర్ దానంతటదే జవాబిస్తుంది. నేను నిద్రపోతున్నా ఇస్తుంది, గదిలో లేకపోయినా ఇస్తుంది. లైన్‌మన్‌కు తీగలు తెలుసు, స్తంభాలు తెలుసు, ఇది తెలియదు. నాకు ఆట పట్టించాలనిపించింది. “మరి ఎవరనుకున్నవ్ రా? నువ్వు పిలిచినప్పుడల్లా నేనే ‘ఆఁ’ అంటున్న. అయిదుసార్లు. నా వేళ్లు పడిపోతున్నయ్” అన్నాను. వాడు నమ్మాడు. నవ్వుకున్నాను. తర్వాత చెప్దాంలే అనుకున్నాను. ఆ తర్వాత రానే లేదు.

డిసెంబర్‌లో మంచు పడింది. పొద్దున 06.00కి ఒక యాభై, సాయంత్రం 18.00కి ఒక యాభై. నేను చాయ్ గ్లాసు పట్టుకుని ఆ వరస కోసం చూసేవాణ్ని. అది కనిపించాకే గ్లాసు ఖాళీ చేసేవాణ్ని. తెర ముందు కూర్చోవడంలో సుఖపడ్డది ఆ నిమిషం ఒక్కటే.

జనవరి మూడో వారంలో కెప్టెన్ సాబ్ లిస్టు పట్టుకుని వచ్చాడు. వయసులో నాకంటే చిన్నవాడు, ఇంజనీరు, కళ్లు చురుకు.

“హవల్దార్, రిలే పోస్టు నుంచి నీ మెషీన్‌కు ఇవేమిటి? యాభై, డెబ్బై అయిదు, యాభై. రోజూ ఒకే వేళకి.”

“టెస్టింగ్ సర్.”

“ఎవరి ఆర్డర్?”

నేను లిస్టు వైపే చూశాను.

“లైను మీద ఎవరో ఆడుకుంటున్నారు. ఇంకోసారి కనిపిస్తే ఎవరైనా సరే ఛార్జి వేస్తాను. ఎర్ర సిరా ఎంట్రీ.”

ఎర్ర సిరా పడితే ప్రమోషన్ పోతుంది. లైన్‌మన్ పేరు నాయక్ కోర్సు లిస్టులో ఉంది. ఆ పట్టీ భుజానికి కుట్టుకుని క్యాంపుకు పోవాలని వాడి ఆశ. నా పేరూ పై కోర్సు లిస్టులో ఉంది, అది కూడా చెప్పాలి. ఆ మధ్యాహ్నమే ఫోన్ చేశాను.

“తమ్మీ, పింగులు బంద్ చెయ్యి. సాబ్ పట్టుకున్నడు.”

“అయ్యో. రెండూ మానెయ్యాలా అన్నా? పొద్దున్న ఒక్కటి కొట్టుకోనీ. నువ్వు ‘ఆఁ’ అంటే చాలు, రోజంతా నడిచిపోద్ది.”

“పిచ్చోనివా? నీ కోర్సు పోతది.”

“ఒక్కటే అన్నా.”

గట్టిగా తిట్టి ఉండాల్సింది. తిట్టలేదు. స్నిఫర్‌లో ఒక ఫిల్టర్ రాశాను. రిలే పోస్టు నుంచి నాకు వచ్చే పింగులను చూపకు అని ఒక్క వరస. డిస్కులో అన్నీ రికార్డవుతూనే ఉంటాయి. తెర మీద కనిపించవు, లిస్టులోకీ రావు. రెండు కీలు నొక్కితే ఫిల్టర్ పోతుంది, రెండు నొక్కితే మళ్లీ వస్తుంది. పొద్దున గదిలో ఒక్కణ్నే ఉన్నప్పుడు తీసి చూసేవాణ్ని. యాభై. మళ్లీ పెట్టేవాణ్ని. ఫిబ్రవరి వచ్చేసరికి రోజు విడిచి రోజు చూశాను. తర్వాత వారానికోసారి. పైన వాడికి మాత్రం రోజూ అయిదు ఆశ్చర్యార్థకాలు పడుతూనే ఉన్నాయి.

ఫిబ్రవరి చివర. ఆకాశం నీలంగా ఉంది. రెండు రోజుల మంచు తర్వాత మొదటి ఎండ. 15.20కి పైన ఎక్కడో చప్పుడైంది. గూడ్సు బండి వంతెన దాటినట్టు ఉంది. సుబేదార్ సాబ్ బయటికి వచ్చి కొండ వైపు చూశాడు. 15.25కి ఎక్స్‌చేంజి నుంచి కబురు, రిలే పోస్టు టెలిఫోన్ పలకడం లేదు. రేడియోలో పిలిచారు, జవాబు లేదు.

నేను గ్రాఫ్ చూశాను. పచ్చ గీత నడుస్తోంది. డిష్ నిలబడే ఉంది, రౌటర్ బతికే ఉంది. 15.30కి ఫిల్టర్ తీశాను. పొద్దుటి యాభై ఉంది, ఆ తర్వాత ఖాళీ. పింగు ఒక్కటి కూడా లేదు. ప్రాణం కుదుటపడింది. ఏదైనా అయి ఉంటే వాడు వెయ్యి కొట్టేవాడు కదా అనుకున్నాను. అంతలో బూట్ల చప్పుడు వినపడింది. ఫిల్టర్ మళ్లీ పెట్టేశాను. 15.35కి కెప్టెన్ సాబ్ లోపలికి వచ్చి నా కుర్చీ వెనక నిలబడ్డాడు, సుబేదార్ సాబ్ ఆయన పక్కన.

“రిలే పోస్టు?”

“లింకు అప్ సర్. మంచుకు తీగ తెగి ఉంటుంది. రేడియో యాంటెన్నా కూడా పోయి ఉంటుంది.”

అరగంట సేపు రేడియోలో మళ్లీ మళ్లీ పిలిపించారు, ఎవరూ పలకలేదు. సుబేదార్ సాబ్ కొండల్లో పుట్టినవాడు. ఆయనకు ఆ చప్పుడు నచ్చలేదు. “సాబ్, నేను నలుగురిని తీసుకుని పోతాను. ఇప్పుడు బయలుదేరితే పొద్దుండగా సగం పైన ఎక్కేస్తాం.”

“దారి మీద ఇంకో జారుడు పడితే? లింకు బతికి ఉంది కదా. హవల్దార్, నువ్వు చెప్పు. మనుషులు బాగున్నట్టేనా?”

అప్పుడు గడియారం 16.05.

రెండు కీలు. ఎడమ చేతి వేళ్లు వాటి మీదే ఉన్నాయి. నొక్కితే తెలిసిపోతుంది. కానీ యాభై కూడా కనిపిస్తుంది. పొద్దుటిది అక్కడే ఉంది, వాడు మానలేదు. కెప్టెన్ సాబ్ చూస్తాడు. ఫిల్టర్ ఎవరు పెట్టారంటాడు. నా కోర్సు, వాడి కోర్సు, రెండూ పోతాయి. ఇప్పుడే కదా చూశాను, వెయ్యి లేదు కదా అని నాకు నేనే చెప్పుకున్నాను.

“బాగున్నట్టే సర్” అన్నాను.

“సరే. లైన్ పార్టీ రేపు 05.30కి.”

సుబేదార్ సాబ్ నా వైపు ఒకసారి చూసి బయటికి పోయాడు. కెప్టెన్ సాబ్ పోలేదు. ఇంకో సెక్టారులో లింకు ఒకటి ఊగుతోంది, దాన్ని నా తెర మీదే చూస్తానని కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. 17.00కి మబ్బు దిగింది. 17.20కి మంచు మళ్లీ మొదలైంది. నేను మూడుసార్లు లేచాను. ఒకసారి నీళ్లకు, ఒకసారి బుఖారీ పొయ్యిలో కిరోసిన్ పోయడానికి, ఒకసారి ఊరికే. “నిలకడగా కూర్చో హవల్దార్” అన్నాడు ఆయన. కూర్చున్నాను. మోకాలు ఆడుతూనే ఉంది.

18.30కి ఆయన లేచి వెళ్లాడు. 18.32కి ఫిల్టర్ తీశాను.

వెయ్యి. వెయ్యి. వెయ్యి. తెర పై నుంచి కింది దాకా అదే అంకె. పేజీ పైకి జరిపాను, ఇంకా వెయ్యి. నడుమ ఎక్కడో ఒక తొంభై ఒకటి, ఒక నూట పదమూడు, అవేమిటో తట్టలేదు. మొదటిది 15.41. నేను చూసి పదకొండు నిమిషాలు అయ్యాక. ప్రతి వెయ్యికీ పక్కనే నా కంప్యూటర్ జవాబు. ఒక్కటి కూడా తప్పలేదు. ఆఁ, ఆఁ, ఆఁ, ఆఁ, ఆఁ. మూడు గంటలు నా పేరు మీద అది పలికింది. నేను దాని ముందే కూర్చున్నాను.

ఆ రౌటర్‌కు మాట పంపే దారి నాకు ఇవ్వలేదు, ఆ లాగిన్ పై ఆఫీసులో ఉంటుంది. మనిషిని ఉన్నానని ఎట్లా చెప్పాలి? బల్ల కిందికి దూరి నా కంప్యూటర్ కేబుల్ పీకాను. రెండు సెకన్లు ఆగి పెట్టాను. మళ్లీ పీకాను, మళ్లీ పెట్టాను. కేబుల్ లేనప్పుడు వాడి తెర మీద చుక్క పడాలి. యంత్రం అట్లా చెయ్యదని వాడికి తట్టాలి. అట్లా అయిదారుసార్లు చేసి, కోటు కూడా లేకుండా సుబేదార్ సాబ్ దగ్గరికి పరిగెత్తాను.

అన్నీ చెప్పాను. కట్టలు, ఫిల్టర్, వెయ్యి. ఆయన తిట్టలేదు. తిడితే బాగుండేది. తలుపు తీసి బయట మంచు చూశాడు. చెయ్యి చాపితే చెయ్యి కనపడటం లేదు.

“నాలుగు గంటలప్పుడు ఆకాశం తేటగా ఉండె” అన్నాడు. అంతే.

కమాండింగ్ ఆఫీసర్ తెల్లారేదాకా ఎవరూ కదలొద్దన్నాడు. ఆయన తప్పు కాదు. ఆ మంచులో పంపితే ఇంకో నలుగురు పోయేవాళ్లు. చివరి వెయ్యి 19.08కి వచ్చింది. 19.15కి పచ్చ గీత పడిపోయింది. బ్యాటరీ.

పార్టీ 05.30కి బయలుదేరింది. నన్ను రానివ్వలేదు. 09.10కి సుబేదార్ సాబ్ గొంతు రేడియో సెట్టులో వినిపించింది. “గది వెనక గోడ కూలింది. ఆపరేటర్ ఇక లేడు. లైన్‌మన్ ఉన్నాడు, చేతులు బాగాలేవు. హెలికాప్టర్ కావాలి, ఓవర్.” నేను సెట్టు పక్కన నేల మీద కూర్చుండిపోయాను.

విచారణ జరిగింది. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఎర్ర సిరా నాకు పడింది, లైన్‌మన్‌కు పడలేదు. డిస్కు ఫైలు అచ్చు తీసి జత చేశారు. ఆ కాగితాల మీద సంతకం పెట్టించుకున్నప్పుడు పేరు రెండుసార్లు రాశాను. లైన్‌మన్ అప్పటికే దూరం ఆసుపత్రిలో ఉన్నాడు. వాడి మాట ఇంకో ఊళ్లో తీసుకున్నారు. ఏం చెప్పాడో నాకు చూపలేదు. ఉత్తరం రాద్దామని కూర్చుంటే ‘తమ్మీ’ అన్న మాట దాటేది కాదు. మిగిలిన పద్నాలుగు నెలలు డ్యూటీ చేశాను. ఫిల్టర్ మాత్రం ఇంకెప్పుడూ వాడలేదు. అన్ని ప్యాకెట్లూ చూసేవాణ్ని, కళ్లు మండినా చూసేవాణ్ని.

టూర్ అయిపోయాక ఇంటికి వచ్చాను. ఏప్రిల్ చివర, 11.40కి నిజామాబాద్ స్టేషన్. ఎండ మాడు పగలగొడుతోంది. ఇంట్లో అవ్వ చాట పక్కన పెట్టి ఏడ్చింది, చుట్టాలు వచ్చారు, బావ వచ్చాడు. మూడు రోజులు గల్లీ ఈ కొస నుంచి ఆ కొసకు తిరిగాను. అవ్వకు అంతా చెప్పాను.

“ఆ పిలగానికి చెప్పినవా?” అంది.

“లేదు.”

“మరి గీడ తిరిగి ఏం లాభం? బస్సెక్కు కొడుకా.”

ఎక్కాను. బోధన్‌లో దిగి ఆటోలో రుద్రూర్ దారి పట్టాను. క్రషింగ్ సీజన్ అయిపోయింది, చెరకు కోసిన మళ్లలో మోడు మొలకలు మోకాలెత్తు లేచి ఉన్నాయి. క్యాంపులో ఇల్లు అడిగితే చూపించారు. వాళ్ల అమ్మ వాకిట్లోకి వచ్చింది.

“నిజామాబాద్ అన్నగారా? మావాడు మీ గురించి తెగ చెప్పేవాడండి. కాళ్లు కడుక్కోండి బాబూ. మోటారు కాడున్నాడు.”

ఆమె ముఖం చూడలేకపోయాను. కాళ్లు కడుక్కోకుండానే చేనులోకి నడిచాను.

వాడు మోటారు స్టార్టర్ డబ్బా విప్పి కూర్చున్నాడు. స్క్రూడ్రైవర్ ఎడమ చేతిలో ఉంది. కుడి చేతికి బొటనవేలు, చూపుడువేలు మిగిలాయి. నన్ను చూసి లేవలేదు. “కూర్చో అన్నా” అన్నాడు. నాకు కూర్చోవడం చేతకాలేదు. నిలబడే మొదలుపెట్టాను. రైల్లో, బస్సులో వంద రకాలుగా కూర్చిపెట్టుకున్న మాటలన్నీ పోయాయి.

“తమ్మీ, నేను ఆడ లేను రా. గా జవాబులు నేను ఇయ్యలే. మిషనిచ్చింది. నీకు అబద్ధం చెప్పిన, నవ్వులాటకు చెప్పిన. గా రోజు ఫిల్టర్ తియ్యడానికి భయపడ్డ. నా కోర్సు పోతదని భయపడ్డ.”

వాడు స్క్రూ బిగించడం ఆపలేదు.

“తెలుసు అన్నా.”

“ఏం తెలుసు?”

“నాలుగున్నరకి అనుమానమొచ్చింది. ఇంతసేపూ పిలుస్తుంటే ‘ఆఁ’ అంటాడు, మనిషిని పంపడేంటని. తొంభై ఒకటి కొట్టా, నూట పదమూడు కొట్టా. మన లెక్కలో లేని అంకెలు. నువ్వయితే ఆగేవాడివి, ఇదేంట్రా అనుకునేవాడివి. అయిదుకి అయిదూ టక్కున వచ్చాయి. అర్థమైంది, అక్కడెవరూ లేరని. నువ్వొచ్చింది చీకటి పడ్డాక, ఆరున్నర దాటి నాలుగు నిమిషాలకి. చుక్కలు పడ్డాయి. అప్పుడు తెలిసింది, మనిషి వచ్చాడని. నిమిషంతో సహా తెలుసన్నా నాకు.”

ముఖం దాచుకోవడానికి ఆ చేనులో చోటు లేదు.

“మరి తెలిసినంక గూడ వెయ్యి ఎందుకు కొట్టినవ్ రా? గ్లౌజు తీసి, గా చలిల?”

వాడు అప్పుడు తలెత్తాడు. కళ్లలో కోపం ఉంది. దాచుకోలేదు.

“నీ మీద కోపం పోలేదన్నా. పోదు కూడా. ముందే చెప్తున్నా.”

“పోవద్దు” అన్నాను.

“ఆపరేటర్ దాదా మీద రాళ్లు పడ్డాయి. నడుము కింద నుంచి కదల్లేదు. నేను ఒక్కణ్ని లాగితే రాలేదు. కిందికి దిగి మనుషుల్ని తెద్దామని లేచా. చెయ్యి పట్టుకున్నాడు, వదిలెయ్యకురా అని. ఏం చెయ్యను? టెర్మినల్ తీసి నేల మీద పెట్టా. తెర ఆయన వైపు తిప్పా. కొట్టినప్పుడల్లా చూపించా. ‘చూడు దాదా, అన్న పలికాడు. చూడు, మళ్లీ పలికాడు. బయలుదేరారంట’ అని. ఆయన ఒక్కొక్కటీ చదువుకున్నాడు. ఏక్, దోన్, తీన్, చార్, పాచ్. అయిదూ అయ్యాక ఇంకోసారి అనేవాడు. ఆపేస్తే అడుగుతాడు కదన్నా. అందుకని కొట్టా. పోయేదాకా కొట్టా. పోయాక కూడా చెయ్యి ఆగలేదు. అప్పుడు నువ్వొచ్చావు.”

చేను అవతల నుంచి వాళ్ల అమ్మ అన్నానికి పిలిచింది. వాడు డబ్బా మూత పెట్టి లేచాడు. “తిని వెళ్లు” అని ముందు నడిచాడు. నేను వెనక నడిచాను. ఆ పూట ఏం తిన్నానో గుర్తు లేదు. వాడు ఎడమ చేత్తో చెంచా పట్టుకుని తిన్నాడు, అది గుర్తుంది.

ఇది జరిగి చాలా ఏళ్లయింది. నేను ఆ గదిని కళ్లతో చూడలేదు. అయినా చాయ్ తాగుతున్నా, బస్సు కోసం నిలబడినా, మీతో మాట్లాడుతున్నా నా కళ్ల ముందుకు అదే వస్తుంది. నేల మీద ఒక చిన్న తెర. దాని పచ్చ వెలుగు పడిన మరాఠీ మనిషి ముఖం. నేను ఇవ్వని జవాబులను ఆయన పెదాలు కదుపుతూ ఒకటి నుంచి అయిదు దాకా లెక్కపెడుతుంటాడు.